కారు దిగని మధ్యాహ్నం

తోషి గారు పోయారని వాళ్ళ మేనకోడలు కారెన్ ఫోన్ చేసి చెప్పింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారట. నేను అయ్యో అన్నాను. తర్వాత మళ్ళీ అయ్యో అన్నాను. కారెన్ నెమ్మదైన పిల్ల, పిల్ల అంటున్నాను గాని దానికీ అరవై దాటాయి. శనివారం చర్చి హాల్లో అందరూ కలుస్తున్నారని, నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమని అడిగింది. "మీరిద్దరూ ఐడహో క్యాంపుకి వెళ్ళారు కదా, ఆ ప్రయాణం గురించి చెప్పండి. బాబు సమాధి దగ్గర మీరు తన పక్కనే నిలబడ్డారని అత్తయ్య అందరికీ చెప్పేది" అంది. నేను సరేనన్నాను. ఫోన్ పెట్టేసి చాలాసేపు వంటింట్లో కుర్చీలో కూర్చున్నాను, స్టవ్ మీద పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా.

ఎందుకంటే నేను ఆవిడ పక్కన నిలబడలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం. ఆవిడ, నేను, మా అత్తగారు. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నాకు కూడా డెబ్భై దాటాయి, నేను చెప్పకపోతే ఇక ఎవరూ చెప్పరు. కాబట్టి మొదటినించీ చెబుతాను, ఎక్కడా నన్ను నేను వెనకేసుకురాకుండా. అది నాకు అలవాటు లేని పని. మా ఆయన్నడిగితే చెబుతారు.

అమెరికాలో మేముండే ఈ రెడ్‌మండ్‌ని ఇప్పుడు చూసినవాళ్ళు, అప్పుడెలా ఉండేదో చెప్పినా నమ్మరు. ఇప్పుడు కొట్లోకెళితే గోంగూర కట్టలు, ములక్కాడలు, పక్క వరసలో నాకంటే గట్టిగా తెలుగులో పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్ళాం. అప్పుడు మా సందు చివర గుర్రాలు మేసేవి. కంప్యూటర్ల కంపెనీ ఇంకా రాలేదు. మా ఆయన విమానాల ఫ్యాక్టరీలో ఇంజనీరు, తెల్లవారుతూనే నలుగురితో కలిసి ఒకే కారులో వెళ్ళిపోయేవారు. నేను కిటికీ దగ్గర కూర్చుని వాన చూసేదాన్ని. ఆ వాన మన వానలా ఒక్కసారి కురిసి ఊరుకునేది కాదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా సన్నగా ఏడుస్తూనే ఉండేది. ఉతికిన చీర మూడు రోజులైనా ఆరేది కాదు. ఇల్లంతా తడి బట్టల వాసన, తడి దేవదారు చెక్క వాసన, వాటి మీద నా ఇంగువ పోపు. చింతపండు కోసం సరిహద్దు దాటి కెనడా వెళ్ళి వచ్చేవాళ్ళం. నాతో తెలుగులో మాట్లాడడానికి ఫోనులో తప్ప ఆడమనిషి లేదు. పెళ్ళయి నాలుగేళ్ళు, రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ రెండుసార్లూ ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చింది పక్కింటి తోషి గారే, మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోగా.

ఆవిడకప్పటికి యాభై రెండో మూడో. పెళ్ళి చేసుకోలేదు. కౌంటీ ఆఫీసులో భూముల మ్యాపులు గీసే ఉద్యోగం. తెల్లవారుజామునే లేచేవారు. బియ్యం మూడుసార్లు కడిగి, ఆ కడుగు నీళ్ళు బకెట్లో పోసుకుని వెళ్ళి మొక్కలకి పోసేవారు. చెప్పులు గుమ్మం బయటే. ఎవరింటికి వెళ్ళినా వట్టి చేతులతో వెళ్ళేవారు కాదు. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఊరిన ముల్లంగి వాసన గుప్పున కొట్టింది, ముక్కు మూసుకోబోయి ఆగాను, నా ఇంగువ సంగతి గుర్తొచ్చి. వారానికోసారి న్యూస్‌పేపర్లో చుట్టిన ముల్లంగి దుంపలు మా గుమ్మంలో ఉండేవి. నేను సాంబారు చేసి పంపేదాన్ని. బాపట్లలో మా పెద్దమ్మ బతికున్నంత కాలం నాకు దొరికిన చనువు మళ్ళీ ఆవిడ దగ్గరే దొరికింది. నా పేరు సుభద్ర, ఆవిడ నోటికి అది తిరగక "సుబా" అనేవారు.

వాళ్ళ ముందు గదిలో గోడ నిండా ఒక మ్యాపు ఉండేది. ఏ ఊరిదో అనుకున్నాను చాలా రోజులు. వరసల వరసల గళ్ళు, ప్రతి గడిలో పెన్సిలుతో ఒక ఇంటిపేరు. అది క్యాంపు. జపానుతో యుద్ధం వచ్చినప్పుడు ఈ పడమటి తీరంలో జపాను రక్తం ఉన్నవాళ్ళందరినీ, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళతో సహా, ఇళ్ళలోంచి లేపి రైళ్ళెక్కించి ఎడారుల్లో ముళ్ళకంచెల మధ్య పెట్టారు. మొదట ఈ దగ్గర్లోనే, సంత మైదానంలో పశువుల కొట్టాల్లో ఉంచి, తర్వాత ఐడహో పంపారు. ఆవిడకప్పుడు పదిహేనేళ్ళు. నేను ఎమ్మే చదివి వచ్చాను, ఈ మాట ఎక్కడా చదవలేదు. వాళ్ళవాళ్ళు కూడా దాని గురించి మాట్లాడేవారు కాదట, సిగ్గుపడి. తప్పు చేసినవాళ్ళు కాదు, పడ్డవాళ్ళు సిగ్గుపడ్డారు. నేను ఇక్కడికి వచ్చిన రోజుల్లోనే వాళ్ళ పిల్లలు అడగడం మొదలుపెట్టారు. బస్సులు మాట్లాడుకుని ఆ క్యాంపు చూడ్డానికి వెళ్ళడం మొదలైంది. అక్కడికి వెళితే చూడ్డానికి ఏమీ లేదు, చెప్పేవాళ్ళు కావాలి. చెప్పేవాళ్ళలో తోషి గారిని మించినవాళ్ళు లేరు. ఏ గుమ్మం ఎక్కడుందో అడుగులతో కొలిచి చూపించేవారు. దేశం నలుమూలల నుంచీ ఆవిడకి ఉత్తరాలు వచ్చేవి, మా నాన్న వాళ్ళ గది ఎక్కడండీ అని.

ఒకరోజు సాయంత్రం మా వంటింట్లో కూర్చుని, "వచ్చే నెల బస్సు వెళుతోంది. నేను ఒకరోజు ముందు కారులో వెళ్ళి, ఇళ్ళు ఎక్కడుండేవో మేకులు కొట్టి తాళ్ళు కట్టి ఉంచాలి. నాతో వస్తావా?" అని అడిగారు. తప్పకుండా అన్నాను. ఆవిడ టీ కప్పు చేతుల్లో తిప్పుతూ అసలు విషయం చెప్పారు. క్యాంపులో వాళ్ళమ్మకి ఒక కొడుకు పుట్టాడు. కెంజి అని పేరు పెట్టారు. పంతొమ్మిది రోజులు బతికాడు. క్యాంపు మూసేశాక ఆ సమాధిని పక్క ఊరి శ్మశానానికి మార్చారు. "క్యాంపుకి నాలుగుసార్లు వెళ్ళాను, సుబా. అక్కడికి ఒక్కసారీ వెళ్ళలేదు. ఊరి చివర దాకా వెళ్ళి కారు తిప్పేసుకుని వచ్చేస్తాను. ఎవరైనా పక్కన ఉంటే వెళ్ళగలననిపిస్తోంది."

"మీ వాళ్ళెవరూ రారా?" అన్నాను.

"వస్తారు. వచ్చి ఏడుస్తారు. అప్పుడు నేను వాళ్ళని ఓదార్చాలి. నువ్వయితే ఊరికే నిలబడతావు."

"నిలబడతాను" అన్నాను. చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

ఆ తర్వాత రెండు వారాలకి నాకు నెల తప్పింది. ప్రయాణం నాటికి ఇరవై రోజులు దాటింది. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఐదో నెల వచ్చేదాకా నోరు విప్పకూడదని మా ఇంట్లో పట్టింపు, పైగా రెండుసార్లు తొందరపడి చెప్పుకుని దిష్టి కొట్టించుకున్నానని నా నమ్మకం. ప్రయాణం మానేద్దామనుకున్నాను. మానేస్తే ఎందుకంటారు, ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకుండా మానే దారి దొరక్క వెళ్ళాను. మా ఆయన నా సంచి కారులో పెడుతూ, "రెండ్రోజులే కదా, ఎంజాయ్ చెయ్యి. కెమెరా తీసుకెళ్ళు" అన్నారు. ఆయన తప్పు లేదు, ఎక్కడికెళుతున్నామో నేనే సరిగా చెప్పలేదు.

తెల్లవారుజామున రెండింటికే బయల్దేరి, ఆవిడ పాత స్టేషన్ వ్యాగన్‌లో కనుమ దాటి, ఆపిల్ తోటలు దాటి, పచ్చదనం అయిపోయే దాకా పోయాం. మధ్యలో ఆగి నా పులిహోర ఆవిడ, ఆవిడ అన్నం ముద్దలు నేను తిన్నాం. ముద్ద మధ్యలో పుల్లటి పండు ఊరగాయ పెట్టారు. ఆ పులుపు నా నోటికి అమృతంలా ఉండి మూడు తినేశాను. ఆవిడ నా వంక చూసి నవ్వారు. ఇంకొకరైతే కనిపెట్టేసేవారు. ఆవిడకి పిల్లలు లేరు, నేను బతికిపోయాను అనుకున్నాను.

క్యాంపులో నిజంగానే ఏమీ లేదు. ఒక మొండి రాతి గోడ, ఒక కాలువ, కనుచూపు మేరా బూడిదరంగు పొదలు, ఆగకుండా గాలి. తోషి గారు కారు దిగి, లోపలి నుంచి ముదురు నీలం కోటు తీసి వేసుకున్నారు. పాత సైనికుల కోట్లు మిగిలిపోతే క్యాంపులో పంచారట, అది వాళ్ళ నాన్నది. మోకాళ్ళ కింద దాకా ఉండేది ఆవిడకి. చేతిలో మ్యాపు, భుజాన తాడు చుట్ట. మేకులు నాకిచ్చారు. రాతి గోడ దగ్గర నిలబడి, ఉత్తరం వైపు తిరిగి, పెదాలతో లెక్కపెట్టుకుంటూ నడిచారు. ఒకచోట ఆగి "ఇక్కడ కొట్టు" అన్నారు. మేకు కొట్టాను. మళ్ళీ నడిచారు. ఆ మధ్యాహ్నం పూర్తయ్యేసరికి పొదల మధ్య తాళ్ళతో ఒక ఇల్లు లేచింది. "ఇది మా తలుపు. లోపలికి రా" అన్నారు. నేను నిజంగానే చెప్పులు విప్పబోయాను. ఆవిడ వద్దన్నారు, ముళ్ళుంటాయని.

ఆ గదిలో ఐదుగురు. పొయ్యి ఇక్కడ, మంచాలు ఇక్కడ. గోడ పలకలు ఎండకి ముడుచుకుపోయి సందుల్లోంచి దుమ్ము వచ్చేది, పొద్దున్న లేస్తే దిండు మీద తల ఉన్నంత మేరే తెల్లగా ఉండేది. మరుగుదొడ్లకి అడ్డుగోడలు లేవు. ఆడవాళ్ళు పెద్ద అట్టపెట్టె ఒకటి పట్టుకెళ్ళి దాన్ని చుట్టూ నిలబెట్టుకుని కూర్చునేవారు, ఒకరి తర్వాత ఒకరు అదే పెట్టె. కడుపుతో ఉన్న అమ్మ చలికాలంలో ఆ వరసలో నిలబడేదని, తను అమ్మ వెనక పెట్టె మోసేదాన్నని చెప్పారు. ఇదంతా ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పారు, మ్యాపు ఆఫీసులో పొలం గట్టు చూపించినట్టు.  ఏమనాలో తెలియనప్పుడు నోరు మూసుకోవడం నాకు రాదు. "భోజనం వాళ్ళే పెట్టేవారా?" అన్నాను. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆవిడ మాత్రం కోప్పడకుండా, "పెట్టేవారు, సుబా. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. అందుకే అమ్మ ఆ తర్వాత జీవితంలో ఎక్కడా వరసలో నిలబడలేదు. పెళ్ళి విందుల్లో కూడా" అన్నారు.

పొద్దు వాలకముందే శ్మశానానికి వెళ్ళాం. చిన్న ఊరు, చిన్న శ్మశానం, ఇనుప గేటు. ఆవిడ కారు ఆపారు. ఈసారి తిప్పుకోలేదు. వెనక సీట్లోంచి చేమంతులు, నీళ్ళ సీసా తీశారు. నా వైపు వచ్చి తలుపు తెరిచి, "పద" అన్నారు.

నేను దిగలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు శ్మశానం వైపు చూడను కూడా చూడకూడదని చిన్నప్పటినించీ విన్న మాట. అందులో పసివాడి సమాధి. పోయిన ఇద్దరూ గుర్తొచ్చారు. "మీరు వెళ్ళిరండి. నేను ఇక్కడే ఉంటాను" అన్నాను.

"ఒంట్లో బాగాలేదా?"

అవును అంటే సరిపోయేది. ఆ అబద్ధం చెప్పడానికి కూడా భయపడ్డాను, ఒంట్లో బాగాలేదని నోటితో అంటే నిజమవుతుందేమోనని. "బాగానే ఉంది. మాకు పనికిరాదు. నాట్ అలౌడ్" అన్నాను.

ఆవిడ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డారు. నా మొహంలోకి చూడలేదు. తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేశారు. గేటు తీసుకుని లోపలికి వెళ్ళారు. నేను కారు అద్దం పైకెత్తేసుకున్నాను, అక్కడి గాలి తగలకుండా. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని నాకొచ్చిన స్తోత్రాలన్నీ చదివాను. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిస్తే, ఆవిడ వరసల మధ్య వంగి వంగి వెతుకుతున్నారు. దేశంలో అందరి గుమ్మాలూ అడుగులతో కొలిచి చూపించగలిగిన మనిషికి తమ్ముడు ఎక్కడున్నాడో తెలియలేదు. దిగి వెళ్ళి ఆ పక్క నుంచి నేనూ వెతికితే రెండు నిమిషాల్లో దొరికేది. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

తిరిగి వచ్చేసరికి ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. కోటు అంచుకి మట్టి అంటుకుంది. నేను వణుకుతున్నాను. అది భయం. ఆవిడ చలి అనుకుని కోటు విప్పి నా భుజాల మీద కప్పారు. ఆ మట్టి నా ఒళ్ళో పడింది. మోటెల్ చేరేదాకా దాన్ని దులపడానికి కూడా ముట్టుకోలేదు.

మోటెల్లో మా గదులు పక్కపక్కనే. నా గదిలోకి వెళ్ళగానే తల మీంచి స్నానం చేశాను. కట్టుకున్నవన్నీ టబ్బులో నానబెట్టాను. కోటు మిగిలింది. దాన్ని కుర్చీ మీద వెయ్యలేను, మంచం మీద వెయ్యలేను, తిరిగి ఇచ్చేద్దామంటే ఆవిడ అదే వేసుకుని మళ్ళీ నా పక్కన కూర్చుంటారు. దాన్ని కూడా టబ్బులో ముంచి, మోటెల్ వాళ్ళ సబ్బు బిళ్ళ పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. నీళ్ళు నల్లగా దిగాయి. ఇంతలో తలుపు తట్టారు. తలుపు తీశాను. తోషి గారు, రెండు చేతుల్లో రెండు కాఫీ కప్పులు. నా జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. బాత్‌రూమ్ తలుపు బార్లా తెరిచి ఉంది. ఆవిడ నా భుజం మీంచి టబ్బు చూశారు.

"ఎందుకు?" అన్నారు.

"డర్టీగా ఉంది" అన్నాను.

ఇంగ్లీషులో మైలకి మాట నాకు దొరకలేదని ఎన్నో ఏళ్ళు సర్ది చెప్పుకున్నాను. అది కాదు. నా మనసులో ఉన్న మాట అదే. ఆవిడ కప్పులు రెండూ బల్ల మీద పెట్టి, మంచం అంచున కూర్చున్నారు. "క్యాంపు నుంచి వచ్చాక నేను ఒకరింట్లో పనికి కుదిరాను" అన్నారు. "మంచి ఆవిడే. నేను తాగిన కప్పు మాత్రం వేరే గిన్నెలో మరిగించేది. ఒకసారి నేను చూస్తుండగా మరిగిస్తూ, నీ గురించి కాదు, అలవాటు అంది."

నేను సరిగ్గా అదే చెప్పబోతున్నాను. మీ గురించి కాదు, మా ఆచారం అని. నోట్లో ఉన్న మాట నోట్లోనే ఆగిపోయి, దాని బదులు, "చచ్చిపోయిన వాళ్ళని ముట్టుకుంటే..." అన్నాను.

"పంతొమ్మిది రోజులవాడు" అన్నారు తోషి గారు.  తన కప్పు తను తీసుకుని వెళ్ళిపోయారు.

మా ఊళ్ళో, మా ఇంటి వెనక చూరులో ఒక గ్లాసు దోపి ఉండేది. గేదెలకి గడ్డి వేసే కోటమ్మ వస్తే ఆ గ్లాసు తనే తీసుకునేది, మా అమ్మ పైనుంచి మజ్జిగ పోసేది. కాలేజీలో ఆ ఆచారం మీద నేను ఉపన్యాసం దంచి ప్రైజు కొట్టాను. అమెరికా వచ్చాక నల్లవాళ్ళ గురించి ఎవరైనా మనవాళ్ళు నోరు జారితే కయ్యిమని లేచేదాన్ని. అంత చేసినదాన్ని, ఆ సాయంత్రం నా పెద్దమ్మలాంటి మనిషి కోటు సబ్బు నీళ్ళలో నొక్కిపట్టి నిలబడ్డాను. ఉప్పూ కారం తినే మనిషినేనా నేను అనిపించింది. అప్పుడైనా పక్క గది తలుపు తట్టి, నేను కడుపుతో ఉన్నానండీ, భయపడ్డాను అని చెబితే సరిపోయేది. చెప్పలేదు. దిష్టి.

తడిసిన ఉన్ని కోటు తెల్లారేసరికి ఆరదు కదా. మర్నాడు బస్సు వచ్చింది. ముసలివాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు. ఆ గాలిలో తోషి గారు పల్చటి స్వెటరుతో నిలబడి మూడు గంటలు చెప్పారు. ఎవరి గుమ్మం ముందు వాళ్ళని నిలబెట్టారు. పెదాలు నీలంగా తిరిగాయి. ఒకాయన "కోటు ఏదీ?" అని అడిగారు. "తడిసింది" అన్నారు ఆవిడ. నా వైపు చూడలేదు. నేను వెనక నిలబడి తాడు చుట్టలు చుట్టాను. పదకొండు గంటలు అదే కారులో ఇంటికి వచ్చాం. ఆవిడ వాతావరణం గురించీ, తోటల గురించీ మాట్లాడారు. అంత మర్యాదగా అంతకు ముందెప్పుడూ నాతో మాట్లాడలేదు.

ఆ కడుపు నిలిచింది. ఎనిమిదో నెలలో పురిటికని మా అత్తగారు వచ్చారు. నిష్ఠ గల మనిషి, మడి కట్టుకోనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. మెచ్చుకుంటారని ఈ సంగతంతా ఆవిడకి చెప్పాను. ఆవిడ కూరగాయలు తరగడం ఆపి కత్తి కింద పెట్టారు. "పాలు తాగే పసిగుడ్డుకి మైలేమిటే? పైగా ఎప్పుడో పోయినవాడికి. అందులోనూ ఉన్ని కోటంటున్నావు, ఉన్నికి మైలుందని నీకెవరు చెప్పారు? లోపలికి వెళ్ళడానికి భయపడ్డావు, సరే. ఆ గేటు బయట కారు దిగి నిలబడితే నీ సొమ్మేం పోయేది?" అన్నారు. నేను ఏడ్చాను. "నా దగ్గర ఏడిస్తే ఏం లాభం, అక్కడికెళ్ళి ఏడు" అన్నారు. వెళ్ళలేదు.

పాప పుట్టాక తోషి గారే వచ్చారు, ఎప్పటిలాగే వట్టి చేతులతో కాకుండా, తెల్లటి ఉన్ని టోపీతో. పాపని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ మీద నెలలు వెనక్కి లెక్కపెట్టారు. లెక్క ఎక్కడ ఆగిందో నాకు కనిపించింది. "ఓ" అన్నారు మెల్లగా. "చెప్పాల్సింది, సుబా." అంతే. క్షమించానని అనలేదు. నేను క్షమించమని అడిగితే కదా ఆవిడ అనడానికి. ముల్లంగి దుంపలు మళ్ళీ గుమ్మంలోకి వచ్చాయి. మా పాప వాళ్ళింట్లోనే సగం పెరిగింది. నేను మాత్రం ఆ గోడ మీది మ్యాపుకి వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

కొన్నేళ్ళకి ప్రభుత్వం వాళ్ళకి క్షమాపణ చెబుతూ చట్టం చేసింది. అప్పుడు పెద్ద సభ పెట్టుకున్నారు. తోషి గారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, మూడో వరసలో ఉన్న నన్ను చూపించారు. "ఆవిడ నా స్నేహితురాలు. ఇండియా నుంచి వచ్చింది. నేను మా తమ్ముడి దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు నా పక్కన నిలబడింది" అన్నారు. అందరూ తిరిగి చూశారు. చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన లేచి నాకు వంగి నమస్కారం చేశాడు. ఆవిడ దయతో అన్నారో, నా పరువు కాపాడాలని అన్నారో, లేక అలా జరిగి ఉండాలని కోరుకుని చివరికి తనే నమ్మేశారో నాకు తెలియదు. ఎగతాళి చేసే మనిషి మాత్రం కాదు. నేను చెయ్యాల్సింది ఒక్కటే, లేచి, కాదండీ అనడం. నేను లేచి, "థ్యాంక్యూ" అన్నాను. ఆ తర్వాత మరో ముప్పై ఏళ్ళ పైన ఆవిడ అదే చెబుతూ వచ్చారు, నేను వింటూ వచ్చాను.

శనివారానికి ముందు రోజు నోవై అనే ఊళ్ళో ఉంటున్న మా అమ్మాయి అనూష ఫోన్ చేసింది. తోషి ఆంటీ అంటే దానికి ప్రాణం. "అమ్మా, స్పీచ్ రెడీ చేశావా? నెర్వస్‌గా ఉన్నావా? జస్ట్ జరిగింది చెప్పేయి అమ్మా, పీపుల్ విల్ లవ్ ఇట్" అంది. చెప్పేస్తాను అన్నాను. నిజంగానే చెప్పేద్దామని మూడు అట్ట ముక్కల మీద ఇంగ్లీషులో రాసుకున్నాను. శ్మశానం, టబ్బు, నేనన్న మాట, అన్నీ ఉన్నాయి అందులో. ఎక్కడా ఆగకుండా పెద్దగా చదివి చూసుకున్నాను కూడా.

హాలు నిండిపోయింది. క్యాంపులో బతికినవాళ్ళు ఐదారుగురే మిగిలారు, చక్రాల కుర్చీల్లో ముందు వరసలో కూర్చోబెట్టారు. కారెన్ నన్ను మైకు దగ్గరికి చెయ్యి పట్టి తీసుకెళ్ళింది. "ఈవిడే ఆవిడ" అని పరిచయం చేసింది. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది, అందరికీ తెలుసు. అట్ట ముక్కలు చేతిలోనే ఉన్నాయి. ముందు వరసలో ఒక పెద్దావిడ నన్ను చూసి తల ఊపుతోంది, చెప్పు తల్లీ అన్నట్టు. నేను ముల్లంగి గురించి చెప్పాను. అన్నం ముద్దలో పుల్లటి పండు గురించి చెప్పాను. తాళ్ళతో ఇల్లు కట్టారని చెప్పాను, చెప్పులు విప్పబోయానని చెప్పాను. నవ్వాల్సిన చోట నవ్వారు, కళ్ళు తుడుచుకోవాల్సిన చోట తుడుచుకున్నారు. శ్మశానం దాకా వచ్చి, "తర్వాత ఇద్దరం ఆవిడ తమ్ముడి దగ్గరికి వెళ్ళాం" అన్నాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు, కావాలంటే కోర్టులో కూడా నిలుస్తుంది. దిగివచ్చి కూర్చున్నాను. కారెన్ నన్ను గట్టిగా కౌగిలించుకుని, "మీరు లేకపోతే అత్తయ్య ఎప్పటికీ వెళ్ళేది కాదు" అంది. ఆ మాట కూడా నిజమే కావచ్చు. అందుకే ఇంకా ఎక్కువ కాలింది.

ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో రాయడం నాకు రాక కాదు, ఇరవై ఐదేళ్ళు ఇక్కడ ఆఫీసులో అదే పని చేశాను. తెలుగులో రాశాను. ఈ అక్షరాలు కారెన్‌కి రావు, హాల్లో నాకు చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరికీ రావు. మా అనూష తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. దీన్ని చదవగలిగిన మీకెవరికీ ఆవిడ తెలియదు. అందుకే ఇంత ధైర్యంగా రాయగలిగాను.